తాడు తెగని లిఫ్ట్

టింగు తయారుచేసిన మొట్టమొదటి మనిషి పుట్టిన అర సెకనుకే నేలలోంచి జారి పాతాళానికి పోయాడు.

మనిషంటే మరీ మనిషేం కాదు, ఒక పసుపు డబ్బా. దానికి రెండు చుక్కలు పెడితే కళ్ళనుకోవాలి. కింద ఆకుపచ్చ గీత గీస్తే నేలనుకోవాలి. టింగు చుక్కలూ పెట్టింది, గీతా గీసింది, ఆడించే బటన్ నొక్కింది. పసుపు డబ్బా పైనుంచి తాపీగా దిగి, నేలను పలకరించనైనా పలకరించకుండా దాటుకుని, స్క్రీన్ అడుగున మాయమైపోయింది. ఇరవైసార్లు నొక్కితే ఇరవైసార్లూ అదే తంతు.

అంతలో వాళ్ళమ్మ పనినుంచి వచ్చింది. ఆవిడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఎవరు ఏ బాధతో వచ్చారో మొహం చూసి చెప్పేయడం ఆవిడకు ఉద్యోగంలో అబ్బిన విద్య. చెప్పులు విడుస్తూనే కూతురి మొహం చూసి, వచ్చి వెనకాల నిలబడింది.

"ఏమే, ఆ పసుపు డబ్బా ఎక్కడికి పోతోంది?"

"నాకేం తెలుసమ్మా. నేలలోంచి దూరిపోతోంది."

"అసలు నేల వేశావా?"

"వేశాను. అదుగో, పచ్చగా కనపడట్లేదూ!"

"అయితే గట్టిగా వేసుండవు."

టింగు పడీ పడీ నవ్వింది. కంప్యూటర్లో గట్టిగా వేయడం, మెత్తగా వేయడం అంటూ ఉండవని, అదంతా లెక్కల వ్యవహారమని, పాఠాలు మొదలై నాలుగు రోజులు కూడా కాకుండానే వాళ్ళమ్మకు పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. ఆరింటికి క్లాసు మొదలైంది. తెర మీదికి వచ్చిన మేడమ్ చెప్పిన మొదటి మాట ఇది: "నేల కనపడితే చాలదు. ఇది గట్టి వస్తువు అని కంప్యూటర్‌కి మనం చెప్పాలి. చెప్పకపోతే దానికి నేలా ఒకటే, గాలీ ఒకటే."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"నేనేం చెప్పాను?" అన్న మాట మాత్రం వినపడింది.

టింగుకు పద్దెనిమిదేళ్ళు. పరీక్షలు రాసేసింది, ఫలితాలు రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఈ మూడు నెలలూ ఏం చేస్తావని అడిగినవాళ్ళందరికీ ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఆన్‌లైన్‌లో గేములు తయారుచేయడం నేర్పే పన్నెండు వారాల పాఠాల్లో చేరింది. సోమవారం, గురువారం సాయంత్రం ఆరింటికి క్లాసు. టింగు అన్నది అసలు పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళ నాన్న లిఫ్ట్ మెకానిక్. చిన్నప్పుడు ఆయనతోపాటు తిరుగుతూ, గంట పాడైన లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా ప్రతి అంతస్తు దగ్గరా ఈ పిల్లే "టింగ్!" అని అరిచేదట. ఆ గంట ఎప్పుడో బాగుపడినా పేరు మాత్రం ఉండిపోయింది.

క్లాసు చెప్పే మేడమ్ మాటలను ఎవరో తరుముతున్నట్టుండేది. ఊపిరి ఎప్పుడు తీసుకుంటుందో పట్టుకోవాలని టింగు రెండు క్లాసులపాటు కాపు కాసి, చివరికి ఓటమి ఒప్పుకుంది. క్లాసులో పద్నాలుగు మంది. అందులో ఒక కుర్రాడి గోల ఎవరికైనా వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. ఎవరు ఏ ఆట చూపించినా "బాగుంది గానీ, జాంబీలు ఎక్కడ?" అనేవాడు. పూలతోట ఆట చూపించిన అమ్మాయిని కూడా అదే అడిగాడు. దాంతో అందరూ అతన్ని జాంబీ అనే పిలవడం మొదలుపెట్టారు. అతను ఏమీ అనుకోలేదు సరికదా, తెరమీద తన పేరు తీసేసి అదే పెట్టుకున్నాడు.

నాలుగో వారంలో మేడమ్ అసలు పని అప్పగించింది. ఆఖరి రోజుకల్లా ఎవరికి వాళ్ళు సొంతంగా ఒక చిన్న ఆట తయారుచేసి చూపించాలి. "నాణేలు ఏరుకునే ఆట వద్దు. తుపాకులు వద్దు. మీకు బాగా తెలిసిన చోటు ఏదైనా ఎంచుకోండి" అంది. జాంబీ మొహం వాడిపోయింది.

టింగుకు బాగా తెలిసిన చోటంటే లిఫ్టే. అయిదంతస్తుల భవనం గీసింది. మధ్యలో లిఫ్ట్ గీసింది. ఒక్కో అంతస్తులో మనుషులు వచ్చి బటన్ నొక్కుతారు, ఆడేవాళ్ళు వాళ్ళను ఎక్కించుకుని దింపాలి. ఎవరు ముందు నొక్కితే వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలని న్యాయంగా ఆలోచించి అలాగే రాసింది. రాసి, ఆడించి చూస్తే లిఫ్ట్ అయిదో అంతస్తుకు పోయి, ఒకటికి దిగి, నాలుగుకు ఎక్కి, రెండుకు దిగి, దారిలో చేతులూపుతున్నవాళ్ళ ముందు నుంచే దూసుకుపోతూ, కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న పనినుంచి వచ్చి, గ్రీజు మరకల చొక్కాతోనే, చేతిలో టీ గ్లాసుతో అటుగా వెళుతూ ఆగిపోయాడు.

"ఈ లిఫ్ట్ ఎవడు బిగించాడు?"

"నేనే నాన్నా."

"నిన్ను ఉద్యోగంలోంచి తీసేయాలి తల్లీ."

టింగు మూతి ముడిచింది. "న్యాయంగానే రాశాను. ముందు వచ్చినవాళ్ళకి ముందు."

"అది దుకాణంలో వరస. లిఫ్ట్‌కి ఒక దారి పట్టాక మధ్యలో మనసు మార్చుకునే అలవాటుండదు" అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు. "పైకి బయల్దేరిందా, దారిలో పైకెళ్ళేవాళ్ళందర్నీ ఎక్కించుకుంటుంది. కిందికెళ్ళేవాడు ఎంత మొత్తుకున్నా ఆగదు. పైన ఇంకెవరూ అడగట్లేదని తేలాకే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు కిందికెళ్ళేవాళ్ళ వంతు. అర్థమైందా?"

అర్థం కాలేదు. ఆయన గోడమీదున్న పళ్ళ క్లినిక్ క్యాలెండరు తీసి, వెనకవైపు అయిదు గీతలు గీసి, అగ్గిపెట్టెను లిఫ్ట్‌లా పట్టుకుని పైకీ కిందికీ నడిపించాడు. అగ్గిపెట్టె మూడోసారి తిరిగేసరికి టింగు బుర్రలో దీపం వెలిగింది. లిఫ్ట్‌కు గుర్తుండాల్సినవి రెండే: ఎటు వెళుతోంది, ఎవరెవరు అడిగారు. గురువారం క్లాసులో మేడమ్ గంటసేపు చెప్పినా తలకెక్కనిది సరిగ్గా ఇదే.

"ఇది నీకెవరు నేర్పారు నాన్నా?"

"ఎవరు నేర్పుతారు! ముప్ఫయ్యేళ్ళుగా అది నన్ను ఏడిపిస్తూ నేర్పింది."

మర్నాటికి లిఫ్ట్ బుద్ధిగా నడిచింది. టింగు ఎగిరి గంతేసింది. కానీ అసలు తిప్పలు అక్కణ్నుంచే మొదలయ్యాయి, ఎందుకంటే ఆ రోజునుంచి వాళ్ళ నాన్న ఆట వదల్లేదు. రోజూ సాయంత్రం రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా తనిఖీకి కూర్చునేవాడు. తలుపు మనిషి మీదికి మూసుకుంటోంది, అడ్డం ఉంటే తెరుచుకోవాలి అనేవాడు. టింగు రాసేది. పన్నెండు మంది ఎక్కారు, బరువు ఎక్కువైతే గంట మోగాలి కదా అనేవాడు. అదీ రాసేది. లోపల గాలి ఆడే ఫ్యాను, కరెంటు పోతే వెలిగే లైటు, ఆపద బటన్, నేలకూ లిఫ్ట్‌కూ మధ్య ఎత్తు తేడా లేకుండా ఆగడం... ఇలా ఏడో వారానికల్లా లోకంలో ఎక్కడా లేనంత భద్రమైన లిఫ్ట్ తయారైంది. అందులో ఎవరికీ ఏమీ జరగదు. జరగడానికి వీల్లేదు.

ఏడో వారం గురువారం మేడమ్ అందరి ఆటలూ చూసింది. టింగు వంతు వచ్చింది. కెమెరాకు కనపడకుండా పక్కన కుర్చీలో వాళ్ళ నాన్న సర్దుకుని కూర్చున్నాడు. మేడమ్ రెండు నిమిషాలు ఆడి, మూడో నిమిషంలో ఆవులింత ఆపుకుంది.

"లిఫ్ట్ అద్భుతంగా ఉంది. నా కింద పనిచేసేవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా చేయరు. కానీ ఇందులో ఆడేవాళ్ళు ఓడిపోయేదెలా?"

టింగు ఆలోచించింది. "ఓడిపోరు మేడమ్."

"ఓడిపోయే భయం లేకపోతే ఆడటం ఎందుకమ్మా?"

జాంబీ చెయ్యెత్తాడు. "తాడు తెంపేద్దాం మేడమ్! లేటైతే తాడు తెగాలి, లిఫ్ట్ అయిదో అంతస్తునుంచి ధబ్బుమని..."

అతని మాట పూర్తి కాలేదు. టింగు పక్కనుంచి ఒక తల తెరలోకి చొచ్చుకొచ్చింది. గ్రీజు చొక్కా, చెవిమీద పెన్సిలు.

"ఎవరు బాబూ తాడు తెంపేది?"

పద్నాలుగు గడుల్లోనూ పద్నాలుగు నోళ్ళు తెరుచుకున్నాయి.

"తాడు అంటావు. ఒక్క తాడా? ఆరుంటాయి! ఉక్కువి. ఒక్కటి చాలు లిఫ్ట్ మొత్తాన్ని మొయ్యడానికి. మిగతా అయిదూ నీలాంటివాళ్ళ కోసం. సరే, ఆరూ తెగాయనుకో. తెగవు, అయినా అనుకో. లిఫ్ట్ వేగం హద్దు దాటగానే కింద రెండు దవడలున్నాయే, అవి పక్క పట్టాలను కరుచుకుంటాయి. అలా కరుచుకుంటే ఏనుగులు లాగినా ఊడవు. అదీ తప్పిందనుకో, అడుగున స్ప్రింగులున్నాయి. ఏ సినిమా చూసినా లిఫ్ట్ పడిపోతుంది! మేం రోజూ పైన మోటారు గదిలో చెమటలు కక్కుతుంటే, మా పరువు తీసేది మీలాంటివాళ్ళేనయ్యా!"

ఇలా పది నిమిషాలు. మేడమ్ జీవితంలో మొదటిసారి ఒక్క మాట మాట్లాడకుండా విన్నది. జాంబీ మధ్యలో "సారీ అంకుల్" అన్నాడు, ఆయన వినిపించుకోలేదు. ఇక టింగు సంగతా, భూమి చీలితే అందులో దూరిపోదామనుకుంది.

"మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం సార్" అంది మేడమ్ చివరికి, నవ్వు బిగపట్టుకుని. "కానీ ఓటమి లేకుండా ఆట ఉండదు. ఎలా ఓడిపోతారో మీ అమ్మాయి ఆఖరి రోజుకల్లా తేల్చాలి. మీ అమ్మాయే."

క్లాసు అయిపోగానే టింగు కంప్యూటర్ మూత ధన్‌మని మూసింది.

"ఇది నా ఆట నాన్నా! నీ సర్వీసు రిజిస్టరు కాదు. ఇప్పుడు అందరూ నన్ను ఏమనుకుంటారు?"

"తప్పు మాట్లాడితే ఊరుకోవాలా?"

"ఊరుకోవాలి! నా క్లాసులో నువ్వు ఊరుకోవాలి!"

ఆయన టీ గ్లాసు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్న వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళగానే టింగు కసిగా కూర్చుని తాడు తెంపేసింది. ఆరు కాదు, ఒక్కటే తాడు, ఇంత లావున, అందరికీ కనపడేలా. అది పురిపురిగా విడిపోయి, ఫట్‌మని తెగి, లిఫ్ట్ అయిదంతస్తులూ దొర్లి, కింద మేఘంలా దుమ్ము లేచేలా చేసింది. ఆ దుమ్ము కోసమే మూడు గంటలు పట్టింది. మొండితనం మీదున్న మనిషికి పని ఎంత బాగా సాగుతుందో, సాయంత్రానికి తన సృష్టి చూసి తనకే ముచ్చటేసింది.

వాళ్ళ నాన్న వచ్చి, వెనక నిలబడి, లిఫ్ట్ పడిపోవడం ఒకసారి చూశాడు. టింగు భుజాలు బిగించుకుని అరుపుల కోసం ఎదురుచూసింది.

"దుమ్ము బాగా వచ్చింది" అన్నాడాయన. వెళ్ళి టిఫిన్ డబ్బా కడుక్కున్నాడు.

అరిచినా బాగుండేది.

ఆ డబ్బా కడగడానికి మామూలుగా ఒక నిమిషం పడుతుంది. ఆ రోజు చాలాసేపు నీళ్ళ చప్పుడు వినపడింది. వాళ్ళమ్మ ఉతికిన బట్టలు తెచ్చి మంచంమీద పడేసి, కూతుర్ని మడతపెట్టడానికి పిలిచింది. మడత పెట్టడానికని పిలిస్తే ఏదో చెప్పబోతోందని లెక్క.

"మీ నాన్నా నేనూ మొదట ఎక్కడ కలుసుకున్నామో తెలుసా?"

"ఏదో ఆఫీసులో అన్నావు."

"ఆఫీసులో కాదు. ఆఫీసుకెళ్ళే లిఫ్ట్‌లో. అదీ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య. ఇంటర్వ్యూకి వెళుతున్నాను, కొత్త చెప్పులు, కొత్త సంచి. లిఫ్ట్ ఆగిపోయింది. లోపల అయిదుగురం. ఒకాయన తలుపు గుద్దుతున్నాడు, ఒకావిడ దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండిపోయింది."

"ఎందుకు?"

"ఎంతసేపో ఎవరూ చెప్పట్లేదు కదే! పడేదైతే పడుతుందని చెప్పండి, లేకపోతే ఎంతసేపో చెప్పండి. అప్పుడు తలుపు అవతల్నుంచి ఒక గొంతు వచ్చింది. 'ఇరవై నిమిషాలు పడుతుందండీ. లిఫ్ట్ మాత్రం పడదు. పడాలన్నా పడలేదు.' అంతే, తలుపు గుద్దే ఆయన కూడా గుద్దడం మానేశాడు."

"ఇరవై నిమిషాల్లో తీసేశాడా?"

"నలభై పట్టింది. మీ నాన్న లెక్కలు అంతేగా. కానీ ప్రతి అయిదు నిమిషాలకీ తలుపు దగ్గరికొచ్చి ఎంతవరకూ వచ్చిందో చెప్పారు. బయటికొచ్చేసరికి మొహం చూడకుండానే సగం ఒప్పేసుకున్నాను."

చొక్కా మడతపెడుతున్న టింగు చెయ్యి గాలిలో ఆగిపోయింది. "అమ్మా, మీ క్లినిక్‌లో ఎదురుచూసేవాళ్ళకి కోపం ఎప్పుడొస్తుంది?"

"ఎదురుచూస్తే రాదు. ఎంతసేపో తెలియకపోతే వస్తుంది. తన తర్వాత వచ్చినవాడు ముందు లోపలికెళితే ఇంకా వస్తుంది. అప్పుడిక పంటి నొప్పి మర్చిపోయి మరీ పోట్లాడతారు."

శనివారం టింగు వాళ్ళమ్మతోపాటు క్లినిక్‌కు వెళ్ళి, వేచివుండే గదిలో ఒక మూల కుర్చీలో నోటుపుస్తకంతో కూర్చుంది. మొత్తం తొమ్మిది కుర్చీలు. అట్ట ఊడిన పత్రికలు, వాటిలో గళ్ళనుడికట్టు ఎవరో సగం నింపి వదిలేసినవి. తలుపు వెనకనుంచి పళ్ళు తొలిచే మిషను రొద వినపడినప్పుడల్లా అందరూ ఒక్కసారే కాళ్ళు దగ్గరికి లాక్కునేవారు. పది నిమిషాలకోసారి గడియారం చూసేవాడొకడు, గడియారాన్నే చూస్తూ కూర్చునేవాడొకడు. ఒకావిడ ప్రతి రెండు నిమిషాలకూ లేచి వచ్చి "ఇంకా ఎంతసేపమ్మా?" అనేది. బుగ్గ వాచిన ఒక పెద్దాయన మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా గోడకేసి చూస్తున్నాడు.

"అందరిలోకీ ఆయనతోనే జాగ్రత్తగా ఉండాలి" అంది వాళ్ళమ్మ గొంతు తగ్గించి. "అడిగేవాళ్ళతో ఫరవాలేదు. అడగనివాళ్ళు ఉన్నట్టుండి లేస్తారు."

ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్ళి, పెద్దాయన దగ్గర కాస్త వంగి, "మీ ముందు ఒక్కరే ఉన్నారండీ, పావుగంట" అంది. ఆయన తలూపాడు. బిగుసుకుపోయిన భుజాలు అంగుళం కిందికి దిగాయి. టింగు ఆ అంగుళం కూడా పుస్తకంలో రాసుకుంది.

ఆ వారమంతా కొత్తగా రాసింది. ముందు తాడును కాస్త బాధతోనే తీసేసింది, ఆ దుమ్ము అంటే ఆమెకు నిజంగానే ఇష్టం. దాని బదులు, లిఫ్ట్ ఎక్కడ ఆగాలో ఆడేవాళ్ళ చేతికే ఇచ్చి, ప్రతి మనిషి నెత్తిమీదా ఓపిక ఒక చిన్న గీతలా పెట్టింది. ఎదురుచూసేకొద్దీ గీత కరిగిపోతుంది. తన తర్వాత వచ్చినవాళ్ళను ముందు ఎక్కించుకుంటే ఒక్కసారిగా సగమవుతుంది. ఆడేవాళ్ళు ఆ అంతస్తు దగ్గర గంట నొక్కి "వస్తున్నా, ఇంతసేపు" అని చెబితే మాత్రం నెమ్మదిస్తుంది. కానీ చెప్పిన టైముకు వెళ్ళకపోతే పచ్చి అబద్ధాలకోరు కింద లెక్క. గీత మొత్తం కరిగిపోతే ఆ మనిషి లిఫ్ట్ వద్దనుకుని మెట్లెక్కేస్తాడు, పోతూపోతూ మిగతా అందరికీ నూరిపోసి మరీ పోతాడు. ముగ్గురు మెట్లెక్కితే ఆట ముగిసినట్టే. నాలుగో అంతస్తులో బుగ్గ వాచిన పెద్దాయన్ను పెట్టింది. ఆయనకు గీత కనపడదు.

వాళ్ళ నాన్నకు ఏమీ చెప్పలేదు. ఆయనా అడగలేదు. కానీ బుధవారం సాయంత్రం తాడు లేని ఆటను దూరంనుంచి కాసేపు చూసి వెళ్ళినట్టు ఆమెకు తెలుసు. గురువారం ఆయన వచ్చి ఫోను ఆమె ముందు పెట్టాడు.

"ఆ లిఫ్ట్ చప్పుడు నీళ్ళ మోటారు చప్పుడులా ఉంది. నేను చెప్పానని కాదు. వద్దంటే వద్దు."

ఫోనులో పదకొండు శబ్దాలున్నాయి. తలుపు జారేది, తలుపు మూసుకునేముందు మూలిగేది, పైగదిలో స్విచ్చులు టకటకమనేది, మోటారు ఊపందుకునేది. ఒక్కోదానికి ముందు ఆయన గొంతు: "ఇది పాత భవనం, ఎడమ లిఫ్ట్, మూడో అంతస్తు." ఒకదాంట్లో మధ్యలో ఎవరో "ఏం చేస్తున్నారండీ?" అని అడగడం, ఈయన "ష్ష్, మా అమ్మాయికి" అనడం కూడా పడింది.

టింగు ఆ మాట మూడుసార్లు విన్నది. తర్వాత కుర్చీ కొంచెం పక్కకు జరిపి, రెండో కుర్చీకి చోటిచ్చింది.

"నువ్వు కెమెరాలోకి రాకూడదు."

"రాను."

"ఎవరేమన్నా సరే."

"తాడు సంగతి అన్నా రాను" అన్నాడాయన, అది చాలా పెద్ద వరమైనట్టు.

పన్నెండో వారం, ఆఖరి రోజున పద్నాలుగు మంది ఆటలూ ఒకచోట పెట్టి, ఎవరిది ఎవరైనా ఆడుకోవచ్చన్నారు. ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో పక్కన పట్టీలో కనపడుతుంది. టింగు ఆటను అందరికంటే ముందు జాంబీ తెరిచాడు. మొదటి రెండు నిమిషాలు బాగానే ఆడాడు. మూడో నిమిషంలో సంచి పట్టుకున్న ఒకావిడ లిఫ్ట్ ఎక్కి, ఎంతకీ దిగలేదు. పైకి వెళ్ళినా ఉంది, కిందికి వచ్చినా ఉంది. అందరూ నవ్వులు. టింగు తను రాసింది ఆదరాబాదరాగా వెతికితే, అయిదంతస్తుల భవనంలో ఆవిణ్ణి ఆరో అంతస్తుకు వెళ్ళమని తనే రాసిందని తేలింది. పాపం ఆవిడ లేని అంతస్తు కోసం తిరుగుతోంది. అందరూ చూస్తుండగానే ఆరును రెండు చేస్తే, ఆట మళ్ళీ మొదలుకాగానే ఆవిడ చక్కగా దిగి వెళ్ళిపోయింది.

అంతలోనే జాంబీ కేక పెట్టాడు. నాలుగో అంతస్తు పెద్దాయన మెట్లెక్కేశాడు. పోతూపోతూ మరో ఇద్దర్ని తీసుకుపోయాడు.

"ఇదేంటి, ఆయనకి గీతే లేదుగా!"

"లేదు" అంది టింగు. "ఆయన్ని నువ్వే పలకరించాలి."

"ఇంకోసారి" అన్నాడు జాంబీ. పావుగంటలో నాలుగుసార్లు ఓడిపోయాడు, ఒక్కసారి కూడా జాంబీల ఊసెత్తలేదు. మేడమ్ కూడా రెండుసార్లు ఓడిపోయి, "ఈ రంగుల సంగతి చూడు, ఆకుపచ్చ మరీ ఎక్కువైంది. మెట్లమీద మనుషుల నడక బాతుల నడకలా ఉంది. మిగతాదంతా... ఉండు, ఇంకొక్కసారి" అంది.

టింగు వాళ్ళ నాన్న మాట నిలబెట్టుకున్నాడు. కెమెరాలోకి రాలేదు. కానీ క్లాసు అయిపోయి కాల్ కట్ కాగానే చొక్కా చేతులు పైకి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం మూడు నిమిషాల్లో మట్టిలో కలిసిపోయింది.

"ఎక్కడో తప్పుంది. మళ్ళీ చూడు."

"తప్పేం లేదు నాన్నా. లిఫ్ట్ బాగా నడిపావు. మనుషుల్నే చూడలేదు."

"లేవండి ఓసారి" అంది వాళ్ళమ్మ. ఆవిడ జన్మలో ఒక్క ఆట ఆడలేదు. ఏ బటన్ దేనికో టింగు చెబితే ఒక్కసారి విని తలూపింది. ముందు నాలుగో అంతస్తు గంట నొక్కి పెద్దాయనకు టైము చెప్పింది. తర్వాత రెండు, తర్వాత అయిదు. ఆవిడ చెప్పిన టైము ఒక్కసారి కూడా తప్పలేదు, ఎందుకంటే ప్రతి ఒక్కరికీ పట్టేదానికన్నా కాస్త ఎక్కువే చెబుతోంది. తొందరపడే కుర్రాళ్ళను కాసేపు నిలబెట్టింది, పిల్లలవాళ్ళను ముందు పంపింది, మధ్యమధ్య పెదవులు కదుపుతూ తనలో తను "ఒక్క నిమిషం కూర్చోండి" అనడం కూడా వినపడింది. ఇరవై రెండు నిమిషాలు గడిచినా ఒక్కరు మెట్లెక్కలేదు. ఆఖరికి పొయ్యిమీద పాలు పొంగుతున్న వాసన వస్తే లేచింది. పట్టీలో పేరు రాయమంటే 'రిసెప్షన్' అని రాయించింది.

మర్నాడు పొద్దున్నకల్లా జాంబీనుంచి మెసేజి. ఈ రిసెప్షన్ ఎవరు? మోసం చేస్తున్నారు. ఇంతమందిని ఎవరూ శాంతింపజేయలేరు.

టింగు అది చదివి వినిపిస్తే వాళ్ళమ్మ సిగ్గుపడింది గానీ, సాయంత్రానికల్లా ఫోనులో కూడా ఆడుకోవచ్చా అని కనుక్కుంది.

సోమవారం ఆరింటికి, అలవాటు పడిపోయిన ప్రాణాలు కదా, ముగ్గురూ కంప్యూటర్ దగ్గరికి చేరారు. క్లాసు లేదని అప్పుడు గుర్తొచ్చింది. టింగు ఖాళీ తెర తెరిచి కూర్చుంది. కొత్తది ఏదో చేయాలని ఉంది, ఏం చేయాలో తోచట్లేదు. వెనకాల ఇద్దరు నిలబడితే అసలే తోచదు.

"ఈసారి పళ్ళ క్లినిక్కే పెట్టకూడదూ?" అంది వాళ్ళమ్మ.

"పళ్ళేంటి! ఎస్కలేటర్ పెట్టు. ఎస్కలేటర్‌కి చేసినన్ని అన్యాయాలు లిఫ్ట్‌కి కూడా చెయ్యలేదు ఎవరూ" అన్నాడు వాళ్ళ నాన్న.

"ఈసారి నేనొక్కదాన్నే చేస్తాను" అంది టింగు. ఇద్దర్నీ భుజాలు పట్టుకుని మెల్లగా బయటికి నెట్టి, గడియ పెట్టేసింది. వచ్చి కూర్చుంది. గది హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. తెర తెల్లగా ఉంది. తలుపు అవతల వాళ్ళిద్దరూ పంటి మిషను గొప్పదా, ఎస్కలేటర్ గొప్పదా అని గొడవపడుతున్నారు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెరవంక చూసింది, కొంతసేపు గోడవంక చూసింది. ఆరంటే ఆరు నిమిషాలు గడిచాయి. లేచి వెళ్ళి గడియ తీసి, తలుపు జానెడు తెరిచింది.

"నాన్నా, ఎస్కలేటర్ మెట్లు పైదాకా వెళ్ళాక ఎటు పోతాయి?"